సైకిలు ట్యూబు, అండాలత్త కాలు

మోకాళ్లకు కాస్త పైన రంగురంగుల రబ్బరు పట్టీలు తొడుక్కుని, ఎండ్రకాయల్లా పక్కకు నడుస్తున్న ఆడపిల్లలను పోయిన నెల సూర్యాపేట మైదానంలో చూసి, చేతిలో టీ గ్లాసుతో ఉన్నచోటే నిలబడిపోయాను. ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీలు పెట్టారు. రిటైరైన తెలుగు టీచర్ని కదా, బహుమతులు ఇవ్వమని పిలిస్తే వెళ్లాను. వాళ్లకు శిక్షణ ఇచ్చే అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. నేను గుడ్లప్పగించి చూడటం గమనించి దగ్గరకొచ్చి ఓపికగా చెప్పింది. "వీటిని రెసిస్టెన్స్ బ్యాండ్లంటరు మేడం. ఆడపిల్లలకు మోకాలు జల్ది దెబ్బతింటది. తుంటికి, తొడ వెనకకు బలం రావాలె. మన దిక్కు ఇప్పుడిప్పుడే వస్తున్నయి." నేను "అట్లనా" అన్నాను. నలభై అయిదేళ్ల కిందట ఇదే ఊళ్లో మేము పన్నెండు మందిమి ఇదే నడక నడిచామని చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆటతో మొదలుపెడితే ఆ మాట మా అండాలత్త కాలు దగ్గరికి పోతుంది. ఆ కాలు సంగతి నిలబడి టీ తాగుతూ చెప్పేది కాదు.

అప్పట్లో మాకు పిండి గిర్ని ఉండేది. ముందు గదిలో గిర్ని, వెనక రెండు గదుల్లో మేము. పొద్దున లేవగానే మోటారు నూనె వాసన, దాని వెనకే వేడి జొన్నపిండి వాసన ముక్కుకు తగిలేవి. నడిపేది నాయినే అయినా గిర్ని అండాలత్తదన్నట్టే ఉండేది. ఆమె నాయినకు అక్క. తొట్టి పక్కన ఎత్తు పీట మీద ఎడమకాలు చాపుకుని, కొంగు తలకు చుట్టుకుని పొద్దంతా కూర్చునేది. కనురెప్పల మీద కూడా పిండి ఉండేది. జారుతున్న పిండిని రెండు వేళ్ల మధ్య నలిపి, "ఇంకింత మెత్తగ పట్టు తమ్మీ" అనేది. ముందు బియ్యం, తరువాత జొన్నలు, ఆ తరువాత పసుపు, అన్నిటికన్నా చివర మిరపకాయలు. ఎంతటివాళ్లు వచ్చినా ఆ వరస తప్పనిచ్చేది కాదు. ఇంట్లో ఏ కూర వండాలో, ఎవరి పెళ్లికి ఎవరు పోవాలో, నన్ను ఎన్నో తరగతి దాకా చదివించాలో కూడా ఆ పీట మీదనే తేలేది. అమ్మ ఆమెను వదినె అని పిలిచేది గాని, అత్తగారికి భయపడినట్టు భయపడేది.

అండాలత్త లేచి నడవాలంటే తుమ్మకట్టె ఊతం కావాలి. ఎడమకాలు నేల మీద గీత గీసినట్టు వెనకాల వచ్చేది. కాపురానికి పోయిన కొత్తలో కోదాడ దారిలో ఎడ్లబండి మీదనుంచి పడిందని, ఎముక సరిగా అతకలేదని మాకందరికీ తెలిసిన సంగతి. కుంటిదానితో కాపురం ఎట్లా అని మామ ఆమెను పుట్టింట్లో వదిలి, ఇంకొకామెను చేసుకున్నాడు. దాన్ని ఎవరూ తప్పనేవారు కాదు. మరిచిపోకుండా ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చి చూసిపోతాడు, మంచోడు అనేవారు. ఆయన వస్తే ఇంట్లో కోడిని కోసేవారు. కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు ఇచ్చే పని నాది. తెల్లటి ధోవతి, చెవిలో అత్తరు దూది, సంచిలో నాకోసం బెల్లం జీళ్లు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని అంగడంతా తిప్పేవాడు. కోదాడ మామంటే నాకు ప్రాణం. వచ్చీ రాగానే గిర్నిలోకి తొంగిచూసి, "ఏమే కుంటీ, బాగున్నావా?" అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. నేను అందరికన్నా గట్టిగా నవ్వేదాన్ని.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బడికి ప్రమీల మేడం ఆటల టీచరుగా వచ్చింది. కోదాడకు అవతలి మనిషి, మాట మెత్తగా సాగేది. ఆటల గదిలో మూలకు పడి ఉన్న ఫుట్‌బాల్‌ను బయటికి తీసి, గాలి కొట్టించి, "ఇది మగపిల్లలదని మీకెవరు చెప్పారర్రా?" అని అడిగింది. మాకెవరూ చెప్పలేదు. అట్లా ఆట మొదలైంది. పైజామాల మీద, చున్నీలు నడుముకు బిగించి ఆడేవాళ్లం. ఎడమవైపు వెనక కాపలా ఉండే చోటు నాది. ఇంట్లో డ్రిల్లు క్లాసు అని చెప్పాను. అత్తకు తెలియదనుకున్నాను గాని, బడి నుంచి వచ్చినప్పుడు నా పైజామా అంచుకున్న మన్ను చూసి ఆమె ఏమీ అనకపోవడమే నాకు వింతగా ఉండేది.

మొదటి పోటీకి మిర్యాలగూడ వెళ్లాం. బస్సు దిగగానే రైసు మిల్లుల ఉప్పుడు బియ్యం వాసన, గాలికి వచ్చి తల మీద వాలే ఊక బూడిద. ఆ మైదానంలో మాకు తొమ్మిది గోల్స్ పడ్డాయి, మేము ఒక్కటీ వెయ్యలేదు. అవతలి పిల్లల భుజం తగిలితే చాలు, మేము పడిపోయాం. మేము తగిలితే వాళ్లు పడలేదు. ఆడపిల్లలు అంత గట్టిగా ఉండవచ్చునని నేను అంతకుముందు ఎరగను. ఓటమికన్నా అదే నన్ను ఎక్కువ అదరగొట్టింది.  తిరుగు బస్సులో ఊరు దగ్గరపడ్డాక మేడం మావైపు తిరిగి, "మీకు ఆట రాక కాదమ్మా. కాళ్లలో పస లేదు. రేపటినుంచి నెల రోజులు బంతి ముట్టుకోవద్దు" అంది.

మర్నాడు సైకిలు షాపు నుంచి పాత ట్యూబులు ఒక సంచి నిండా తెచ్చింది. వాటిని సబ్బునీళ్లతో కడిగించి, కత్తిరించి, ముడివేసి చుట్టలు చేయించింది. చుట్టను రెండు మోకాళ్ల పైకి ఎక్కించుకుని, కొంచెం కూర్చున్నట్టు వంగి, గోడ పొడుగునా పక్కకు నడవాలి. పది అడుగులకే తుంటి దగ్గర నిప్పు పెట్టినట్టు అయ్యేది. ఇంకో ముక్కను కిటికీ ఊచకు కట్టి, మడమకు తగిలించి, కాలు వెనక్కి లాగాలి. మేము లాగి ఠపీమని వదిలేస్తుంటే వచ్చి కాలు పట్టుకునేది. "లాగడం గొప్ప కాదు. మెల్లగా వదలండి. వదిలేటప్పుడే బలం వచ్చేది." ఇంటికి పోయేసరికి ఒళ్లంతా రబ్బరు వాసన. మెట్లు ఎక్కలేక నవ్వుకునేవాళ్లం. నెల తిరిగేసరికి తోస్తే పడటం తగ్గింది.

ఆ తరువాత బంతి ముట్టుకున్న మొదటి వారంలోనే నా కుడి మోకాలు మెలికపడింది. ఇద్దరు పిల్లలు చెరో పక్క పట్టుకుని ఇంటికి తెచ్చారు. అండాలత్త నా మొహం చూడలేదు, మోకాలే చూసింది. పట్టు వేయించింది, నూనె రాయించింది, ఇగ బడి బందన్నది. నాలుగో రోజు సాయంత్రం ప్రమీల మేడం మా ఇంటికి వచ్చింది. గిర్ని నడుస్తోంది. అత్త పీట మీదనుంచి కదలలేదు.

"ఆడపిల్ల కాలు ఇరగ్గొట్టి మల్ల ఇంటికి గూడ వచ్చినవా పంతులమ్మా" అంది.

"విరగలేదండీ, బెణికింది. కట్టు కట్టి మంచంలో పడుకోబెడితే కండ కరిగిపోతుంది. రోజూ కొంచెం కొంచెం ఇది లాగించాలి." మేడం సంచిలోంచి ట్యూబు తీసింది.

"రబ్బరు గుంజితె కాలొస్తదా?"

"నాకు వచ్చింది. చదువుకునేటప్పుడు నా మోకాలూ ఇలాగే పోయింది. కాలేజీ డాక్టరుగారే ఇది నేర్పించారు." ఆమె గిర్ని కిటికీ ఊచకు ట్యూబు కట్టి, నాకు చేసి చూపించింది. ముడి బిగిస్తూ అత్త చాపుకున్న కాలు వైపు చూసింది. "మీకేమైందండీ?"

"ఎడ్లబండి మీదికెళ్లి పడ్డ."

"ఒకసారి చూడొచ్చా?"

అత్త చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుంది. "పాతది. ఇగ గంతే అది."

మేడం కిటికీ దగ్గర ముడి ఇంకోసారి సరిచూసి వెళ్లింది. ఆమె పోయాక చూస్తే కిటికీకి ఒకటి కాదు, రెండు ట్యూబులు కట్టి ఉన్నాయి. పొరపాటున కట్టిందనుకున్నాను.

నా మోకాలు నెలన్నరలో కుదిరింది. ఎవరూ మళ్లీ బడి మాట ఎత్తకుండానే నేను బడికి పోవడం మొదలుపెట్టాను. ఆ ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోయేది. గిర్ని ఆగిపోయేది, నాయిన బయటికి పోయేవాడు, అమ్మ నడుము వాల్చేది. ఒకరోజు ఒంటిపూట బడి నుంచి వచ్చి గిర్ని తలుపు నెట్టాను. అండాలత్త పీట మీద కూర్చుని, చీర మోకాలి పైకి దోపుకుని, ఎడమ మడమకు ట్యూబు తగిలించుకుని లాగుతోంది. చెమటకు మొహం మీది పిండి చారలు కట్టింది. పదిహేనేళ్లు ఆ కాలిని మాలో ఎవరమూ చూసి ఎరగం. కర్రపుల్లలా ఉంది.  తప్పు చేస్తూ దొరికింది ఆమె కాదు, నేనే అన్నట్టు నిలబడ్డాను. ఆమె ఆపలేదు. "తలుపు పెట్టు" అంది. తరువాత, "పదకొండు. పన్నెండు."

అప్పటినుంచి కరెంటు పోయినప్పుడల్లా నేను పక్కన కూర్చుని లెక్క పెట్టేదాన్ని. మేడం మాకు చెప్పినవి బడిలో నేర్చుకుని వచ్చి ఆమెకు చెప్పేదాన్ని. వానలు మొదలయ్యేసరికి కిటికీ పట్టుకుని నిలబడి లాగింది. దసరా నాటికి కట్టె లేకుండా గిర్ని గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచింది. నడకలో కొంచెం ఊగు ఉండేది, అంతే. ఒక మధ్యాహ్నం, ట్యూబు ఒరుసుకోకుండా ఆమె కాలికి పాత గుడ్డ చుడుతుంటే మోకాలి కింద ఎముక మీద గుంట తగిలింది. అడ్డంగా, నా బొటనవేలు పట్టేంత.

"బండి మీదికెళ్లి పడితే గిట్లయితదా అత్తమ్మా?"

ఆమె లెక్క ఆగింది. "బండి లేదు, ఏం లేదు. మీ మామ రోకలితోని కొట్టిండు." మళ్లీ కాలు లాగింది. "ఆరు."

"ఎందుకు?"

"మీ నాయినకు జరమొచ్చింది. పదేండ్ల పోరడు, నన్ను ఇడువలే. రెండొద్దులుంటనని పుట్టింటికొచ్చి మూడొద్దులున్న. ఒక్క దినం ఆలస్యంగ పోయిన. గంతే." మెల్లగా వదిలింది. "ఏడు."

పదిహేను దాకా ఆమె లెక్క నడిచింది. నేను మాత్రం ఆ గదిలో ఉండి కూడా లేనట్టే ఉన్నాను. ఎవరో చెవుల మీద చాచి కొట్టినట్టు హోరు. ఆ హోరులో "ఏమే కుంటీ" అన్న మాట, దాని వెనక నా నవ్వు వినిపించాయి. ఆ భుజాల మీద కూర్చుని అంగడి తిరిగాను. ఆ కాళ్లకు ఈ చేతులతో నీళ్లిచ్చాను. సాయంత్రం నాయిన మోటారుకు నూనె పోస్తుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను.

"మామ అత్తమ్మను కొట్టిన సంగతి నీకెరుకనా?"

నాయిన తల ఎత్తలేదు. "ఎరుకే."

"మరి ఆయనొస్తె మనం కోడినెందుకు కోస్తున్నం నాయినా?"

నూనె పోస్తూనే అన్నాడు. "ఆయన రాకుంటె ఊరు ఆమెను మొగడు ఇడిసిపెట్టినదంటది. వచ్చిపోతుండు గాబట్టి మొగడున్నదంటరు. నా చేతనైంది గంతే బిడ్డా." మోటారులో నూనె నిండి పొర్లుతున్నా ఆయన చూసుకోలేదు.

మామ ఆ నెలలోనే వచ్చాడు. నేను చెంబు తేలేదు. అమ్మ తిట్టి తనే తెచ్చింది. ఆయన కాళ్లు కడుక్కుంటుండగా అండాలత్త, ఎవరో వచ్చారని, గిర్నిలోంచి వాకిట్లోకి కట్టె లేకుండా వచ్చేసింది. ఆయన్ను చూసి ఆగిపోయింది. ఆయనా చూశాడు, కిందినుంచి పైదాకా. "ఓహో, నడుస్తున్నావే" అన్నాడు. అన్నం తింటూ నాయినతో, పక్కింటి గేదె సంగతి మాట్లాడినంత మామూలుగా అన్నాడు. "చిన్నామె పుట్టింటికి పోయింది బామ్మర్దీ. ఇక రాదంట. ఇంట్లో రెండు బర్రెలు, వండిపెట్టే దిక్కు లేదు. అండాలు కాలు బాగైంది కదా, తీసుకుపోతాను. వచ్చే వారం జీపు మాట్లాడుకుని వస్తా."

 ఆ కాలును నిలబెట్టింది నేను. ఏడు నెలలు పక్కన కూర్చుని లెక్క పెట్టి, మళ్లీ ఆ ఇంటికి పోవడానికి ఆమెకు కాలు తయారుచేసి ఇచ్చాను. ఇంతటి సంగతి ఒక్కసారి కూడా నా తలకు తట్టలేదు. ఆయన పోయాక అమ్మ మెల్లగా, "ఇన్నేండ్లకన్న పిలిచిండు వదినె" అంది. అత్త లేచి గిర్నిలోకి పోయింది. ఆ వారమంతా ట్యూబు ముట్టలేదు. పీట మీద కూర్చుని పిండి నలిపి చూసింది.

జీపు వచ్చిన రోజు అండాలత్త ఎడమకాలికి పసుపు గుడ్డలు చుట్టుకుని మంచం మీద ఉంది. మామ పిలిస్తే కట్టె పట్టుకుని లేచింది. కాలు మునుపటికన్నా ఘోరంగా ఈడుస్తోంది. వాకిట్లోకి నాలుగడుగులు వేసి, కట్టె జారి, నేల మీద కూలిపోయింది. నేను నిజంగానే పడిందనుకున్నాను. పరుగెత్తి లేపుతుంటే నా ముంజేతిని ఎర్రగా కందేలా గిల్లింది. అప్పుడుగాని నాకు అర్థం కాలేదు. తలెత్తి నాయిన వైపు చూశాను. ఆయన రోజూ చూస్తున్నాడు, అక్క ఎట్లా నడుస్తుందో ఆయనకు తెలుసు. ఒక్క మాటతో అంతా తేలిపోతుంది.

"గిర్ని కాడ మల్ల పడ్డది బావా" అన్నాడు నాయిన. జన్మలో మామ ముందు తల ఎత్తని మనిషి, ఆయన కళ్లలోకి చూస్తూ అన్నాడు. "ఎముక పోయింది. ఇగ ఎన్నడు లేవదన్నడు డాక్టరు."

మామ నాలుక చప్పరించాడు. "దీంతో ఇక ఏ పనీ కాదులే" అని జీపెక్కి పోయాడు. దుమ్ము సద్దుమణిగాక అత్త లేచి, చీర దులుపుకుని, గిర్నిలోకి నడిచి పీట మీద కూర్చుంది. నేను కోపంతో ఏడుస్తున్నాను. పోరా అని మొహాన చెప్పి వెళ్లగొడుతుందని ఆ వారమంతా ఎదురుచూశాను.

"ఎందుకు కుంటినవ్? ఎల్లగొట్టకపోతివా?"

"ఎల్లగొడితె పౌరుషానికన్న మల్ల వస్తడు. పనికిరాదనుకుంటె రాడు" అంది. "పో, కరెంటొచ్చిందేమో సూడు."

ఆ ఏడు రెండోసారి మిర్యాలగూడ పోయినప్పుడు అత్త కూడా మాతో బస్సెక్కింది. బస్టాండు నుంచి మైదానం దాకా మా వెంట నడిచింది. ఆట సగం దాటేదాకా ఒక్క గోల్ కూడా పడలేదు. భుజాలు తగిలాయి. మేము పడలేదు. పక్కన నిలబడిన మేడం మొహంలో అలాంటి వెలుగు ఎన్నడూ చూడలేదు. అత్త గీత పక్కన నిలబడి ఉంది, నిటారుగా, నా వైపే చూస్తూ. ఇంతలో జనంలోంచి ఎవరో పెద్దమనిషి ఆమెను పలకరించాడు. కోదాడ మామ వాళ్ల వరస మనిషి. నా కళ్ల ముందే ఆమె నడుము వంగింది, ఎడమకాలు పక్కకు పోయింది, చెయ్యి ఊతం కోసం గాలిలో వెతికింది. రెప్పపాటులో మా అత్త కుంటిదైపోయింది. నేను అటే చూస్తున్నాను. బంతి నా పక్కనుంచి పోయింది. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. మేడం ఎందుకట్లా అయిందని అడిగితే, ఎండ కళ్లలో పడిందన్నాను. ఆ మరుసటి ఏడు ఆమెకు బదిలీ అయింది. తరువాత బంతికి గాలి కొట్టించినవాళ్లు లేరు.

అండాలత్తకు అప్పటినుంచి రెండు నడకలు, ఇంట్లో ఒకటి, బయట ఒకటి. పోయిన నెల మైదానంలో పిల్లలు పొట్టి లాగులేసుకుని, తల్లులు ఫోన్లలో వీడియోలు తీస్తుంటే, పట్టీలు లాగుతూ అరుస్తూ నవ్వుతూ ఉన్నారు. సంతోషమే అయింది. బలం వచ్చిందని చెప్పుకోవడానికి వాళ్లకు భయం లేదు. మా ఇంట్లో ఒక ఆడమనిషి తన కాలికి వచ్చిన బలాన్ని దొంగసొమ్ములా దాచుకుని బతికింది. ఆ సంగతి తెలిసి కూడా మేము దాన్ని మామూలు చేసుకున్నాం. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది రోకలి దెబ్బ కాదు, ఆ మామూలుతనం. ఈ పిల్లల్లో ఇంటికి పోయి కుంటేది ఎవరన్నా ఉందా అని ఒక్కొక్కరి మొహమే చూశాను. మొహాలు చూస్తే తెలుస్తుందా?

మామ పోయిన కబురు వచ్చినప్పుడు నేను తుంగతుర్తిలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. నాయిన, అత్త, నేను కోదాడ బస్సెక్కాం. అత్త కట్టె తెచ్చుకోలేదు. మరిచిపోయిందేమోనని నాయిన రెండుసార్లు సీటు కింద చూశాడు. బస్సు దిగాక ఆమె ముందు నడిచింది. నేను ఆమెను అందుకోవడానికి కొంచెం పరుగెత్తాల్సి వచ్చింది. ఆ ఇంటి ముందు చుట్టాలంతా గుమిగూడి ఉన్నారు. ఆమెను పట్టుకోవడానికి ఇద్దరు ఆడవాళ్లు ఎదురొచ్చి, పట్టుకోవాల్సింది ఏమీ లేక చేతులు చాపి అట్లాగే ఆగిపోయారు. ఒకరు కుర్చీ తెచ్చారు. ఏడుపులు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. మామ తమ్ముడు ముందుకొచ్చి ఆమె కాళ్ల వైపే చూస్తూ, "వదినా, ఎప్పటినుంచి నడుస్తున్నావు?" అన్నాడు.

"చాన ఏండ్లాయె" అంది అండాలత్త. కుర్చీని పక్కకు జరిపి, పెళ్లికూతురుగా కుడికాలు పెట్టి వచ్చిన ఆ ఇంటి గడపను ఎడమకాలు ముందు వేసి దాటింది.